కింది ఇంటి మేనమామ

నా చిన్నప్పుడు నాకున్నంత దిగులు ఆ ఈడు పిల్లల్లో ఇంకెవరికీ ఉండేది కాదనుకుంటాను. నాన్న ఎక్కిన రైలు ఆలస్యమైతే దిగులు. అమ్మ ఫోను ఎత్తకపోతే దిగులు. బడిలో టీచరు నా వంక ఒక్క క్షణం ఎక్కువ చూస్తే ఆ పూటంతా దిగులే. ఇప్పుడు నా మనవరాలికి జడ వేస్తూ ఈ మాట చెబితే, "నువ్వా అమ్మమ్మా? నువ్వు భయపడ్డావా?" అని నవ్వుతుంది. నవ్వనీ, పిచ్చి పిల్ల. ఆ దిగుళ్ళన్నిటిలోకీ పెద్దది మా కింది ఇంటి ఒపా మమ్మల్ని వదిలి వెళ్ళిపోతాడేమోనన్నది.

మేం అప్పుడు డెగ్గెన్‌డార్ఫ్‌లో ఉండేవాళ్ళం. జర్మనీలో, డాన్యూబ్ ఏటి ఒడ్డున చిన్న ఊరు. అక్కడి కాలేజీలో చదువుకోవడానికి ఆ రోజుల్లో మన పిల్లలు దండిగా వచ్చేవాళ్ళు. బస్సెక్కితే వెనక సీట్లో కరీంనగర్ యాస, ముందు సీట్లో గుంటూరు యాస వినపడేది. మా అమ్మ కూడా అలా చదువుకోవడానికి వచ్చి, ఆ ఊళ్ళోనే ఒక ల్యాబులో ఉద్యోగంలో చేరింది. నాన్న ఆఫీసు మ్యూనిక్‌లో. పొద్దున్నే రైలెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. బడి వదిలాక అమ్మ వచ్చేదాకా నేను కింది వాటాలో ఉండేదాన్ని.

ఆ వాటాలో ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. జర్మన్లు తాతని ఒపా అంటారు కాబట్టి మేమూ అలాగే పిలిచేవాళ్ళం. నిజానికి ఆయన జర్మన్ కాడు, అమెరికా మనిషి. వయసులో ఉండగా వాళ్ళ సైన్యంతో పాటు మా ఊరున్న బవేరియాకి వచ్చి, అక్కడి ఆవిణ్ణి పెళ్ళి చేసుకుని, అక్కడే ఉండిపోయాడు. పిల్లలు లేరు. మేం ఆ ఇంట్లో చేరేనాటికే ఆవిడ పోయింది. ఒపా నాకు లెక్కలు చెప్పేవాడు, బ్రెడ్డు మీద వెన్న రాసిచ్చేవాడు. నేను జర్మన్‌లో తప్పులు మాట్లాడితే నవ్వేవాడు కాదు. నాతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. సొంత భాష మాట్లాడటానికి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే దొరికానేమో.

ఆయన వంటింటి గోడంతా కాగితాలే. అన్నిటికంటే కింద ఆయన పేరు, దాని పైన వాళ్ళ నాన్న, ఆ పైన తాత, ముత్తాత, అలా కప్పు దాకా. ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి ఎర్ర ఉన్నిదారం కట్టి ఉండేది. అది చనిపోయిన భార్య అల్లికల బుట్టలో మిగిలిన ఉన్ని. అన్నిటికంటే పైన ఉన్నాయన, ఇంగ్లండు నుంచి ఓడెక్కి అమెరికాలో దిగిన మొదటి వాళ్ళలో ఒకడట. అంతా బాగానే ఉంది గానీ, ఆయనకీ ఆయన కిందున్న పిల్లాడికీ మధ్య దారం కట్టలేదు. కొస గాలికి వేలాడుతూ ఉండేది.

ఎందుకు కట్టలేదని అడిగితే ఒపా ఓపిగ్గా చెప్పాడు. ఆ ఓడవాళ్ళు దిగిన మొదటి చలికాలంలోనే జబ్బులతో, ఆకలితో చాలామంది పోయారట. తల్లీ తండ్రీ పోయిన పిల్లల్ని మిగిలినవాళ్ళు తమ ఇళ్ళల్లోకి తీసుకున్నారట. ఒపా వంశం ఒక పిల్లాడి దాకా తిన్నగా వెళుతుంది. ఆ పిల్లాడు ఆ పెద్దాయన ఇంట్లో పెరిగాడన్నది ఖాయం. పుట్టింది కూడా అక్కడేనా అన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

పెద్దవాళ్ళకి ఇలాంటి పిచ్చులు ఉంటాయిలే అని నేను ఊరుకునేదాన్నే. కానీ ఆ ఓడవాళ్ళు దిగిన ఊరికి దగ్గర్లోనే ఒపా చెల్లెలు ఉండేది. అన్నయ్య ఒక్కడూ పరాయి దేశంలో ఎందుకని ఆవిడ రోజూ ఫోన్ చేసి వచ్చెయ్యమనేది. ఒపా ఆవిడకి ఒకటే మాట చెప్పేవాడు. ఆ ఓడ దిగినవాళ్ళు నావాళ్ళేనని తేలనీ, ఇల్లు ఖాళీ చేసి వచ్చేస్తాను, నావాళ్ళు పడుకున్న మట్టిలోనే నేనూ పడుకుంటాను అని. తేల్చుకోవడానికి దూదిపుల్లతో బుగ్గ లోపల రుద్ది, ఆ పుల్లని పరీక్షకి పంపాడు. ఆ పెద్దాయన వంశంలోనే పుట్టానని రుజువున్న మనిషి అమెరికాలో ఒకాయన ఉన్నాడట, ఆయనా పంపాడు. రెండూ కలిస్తే దారం కట్టేయొచ్చు.

అంటే, కలిస్తే ఒపా వెళ్ళిపోతాడు.

ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించేది కాదు. నేను ఒక పక్క లెక్కలు చేస్తుంటే ఆయన ఇంకో పక్క కంప్యూటర్ తెరిచి చూసేవాడు. ఇంకా రాలేదని నిట్టూర్చేవాడు. రాలేదని నేను ఊపిరి పీల్చుకునేదాన్ని. మళ్ళీ రేపు ఉందిగా అని వెంటనే గుర్తొచ్చేది.

అలాంటి రోజుల్లో మా అమ్మమ్మ వచ్చింది, మూడు నెలలు ఉండిపోదామని. ఆవిడది కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఒక పల్లె. అప్పటికి యాభై దాటిందో లేదో, మనిషి గట్టిగా ఉండేది, నోరు ఇంకా గట్టిగా ఉండేది. దేనికీ జడవదు గానీ డాన్యూబ్ ఒడ్డుకి మాత్రం రానంటే రాననేది. అందరూ షికారుకి వెళ్ళే ఏటి గట్టు దారి వదిలేసి, చుట్టు తిరిగి ఊళ్ళోంచి నడిచేది. ఎందుకని అడిగితే చలి అనేది. ఎండాకాలంలో చలేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

వచ్చిన రోజే, చెప్పులు విప్పీ విప్పకముందే, నా చెవి పట్టుకుని అమ్మ మీద లేచింది. "ఇదేంటే, ఇంకా చెవులు కుట్టించలేదా? ఎనిమిదేళ్ళొచ్చినాయి, బోడి చెవులతో తిప్పుతున్నారా పిల్లని!"

అమ్మ సంజాయిషీ చెప్పుకుంది. కుట్టించేటప్పుడు పిల్లని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి కదా, తనకా తోడబుట్టినవాళ్ళు లేరు. వరసకి తమ్ముడయ్యే అబ్బాయి ఒకడు లైప్‌జిగ్‌లో ఉన్నాడు గానీ అతనికి సెలవు దొరకడం లేదు. అతనికి సెలవు దొరికినప్పుడు నగలకొట్టువాళ్ళ దగ్గర టెర్మిన్ దొరకడం లేదు. అమ్మమ్మకి టెర్మిన్ అంటే ఏమిటో చెప్పేసరికి అమ్మకి తల ప్రాణం తోకకి వచ్చింది. చెవులు కుట్టడానికి ముందుగానే ఫలానా రోజు, ఫలానా గంట అని ఖాయం చేసుకోవడమేమిటని ఆవిడ వాదన.

నేను అన్నం కెలుకుతున్నానని మొదట కనిపెట్టింది అమ్మమ్మే. ఒక సాయంత్రం వంకాయలు తరుగుతూ మెల్లిగా కూపీ లాగింది. ఒపా సంగతి, గోడ సంగతి, దూదిపుల్ల సంగతి అంతా చెప్పేశాను. చెబుతూ ఏడ్చేశాను కూడా. ఆవిడ నన్ను ఊరుకోబెట్టలేదు. కత్తిపీట పక్కకి జరిపి చాలాసేపు కిటికీ వంక చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, పిల్లని కింది ఇంటాయన ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టిద్దామని ప్రకటించింది. అమ్మ గ్లాసు వదిలేసినంత పని చేసింది. "ఏ వరసనమ్మా? ఆయన మనకేమవుతాడు?"

"నీకు అన్న. నాకు కొడుకు," అంది అమ్మమ్మ. నాన్న నవ్వాపుకోలేక, కొడుకు మీకంటే పాతికేళ్ళు పెద్ద, అత్తయ్యా అన్నాడు. "అయితే ఏమైంది? కలుపుకుంటేనే వరస. లేకపోతే అందరూ ఊళ్ళోవాళ్ళే," అని ఆవిడ కాఫీ పూర్తి చేసింది.

కిందికి వెళ్ళి అడిగే పని నా మీద పడింది. అమ్మమ్మ తెలుగులో చెప్పడం, నేను ఇంగ్లీషులో చెప్పడం. మేనమామ అంటే ఎవరు, ఒడి ఎందుకు, ఇవన్నీ నాకే సరిగ్గా తెలియవు. ఆయన శ్రద్ధగా విన్నాడు. తన ఒళ్ళో ఎప్పుడూ ఎవరూ కూర్చోలేదనీ, చేతులు వణుకుతాయేమోననీ అన్నాడు. ఆ మాట తెలుగులో చెప్పాను. వణికితే వణకనీ, పడేయకుండా పట్టుకోమని చెప్పు అంది అమ్మమ్మ.

టెర్మిన్ దొరికింది. ఆ శనివారం ఒపా పెళ్ళికి వెళ్ళేవాడిలా కోటు, టై వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. ఊరి మధ్య చౌకులో నగలకొట్టు. కుట్టేది సూదితో కాదు, తుపాకీలాంటి దానితోనని చూసి అమ్మమ్మ మొహం ముడుచుకుంది. ఊరి నుంచి తెచ్చిన బంగారు రింగులు పెట్టమంటే కొట్టావిడ ఒప్పుకోలేదు, మొదట తమ దగ్గరి కమ్మలే పెట్టాలంది. అమ్మమ్మ మొహం ఇంకా ముడుచుకుంది. నాకు మాత్రం అవేవీ పట్టలేదు. ఒపా ఒళ్ళో కూర్చున్నాను. ఆయన గుండె కొట్టుకోవడం కోటులోంచి నా వీపుకి తెలుస్తూనే ఉంది. నాకంటే ఆయనకే ఎక్కువ భయంగా ఉందని అప్పుడు అర్థమైంది.

కొట్టావిడ నా చెవులకి చుక్కలు పెట్టబోతూ ఆగింది. చీరలో అమ్మమ్మని, పక్కన అమ్మని, నన్ను పట్టుకున్న తెల్లజుట్టు తెల్లాయన్ని వరసగా చూసి, మర్యాదగానే అడిగింది, మీరు పాపకి ఏమవుతారు అని.

నా నడుం చుట్టూ ఉన్న చేతులు బిగుసుకున్నాయి. ఆయన ఏమీ కానంటాడేమో, ఊరికే కింది ఇంటివాణ్ణంటాడేమో, అప్పుడు అమ్మమ్మ చేసిందంతా వృథా అయిపోతుందేమో అని నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"వాళ్ళమ్మకి అన్నని," అన్నాడు ఒపా. జర్మన్‌లో, అమెరికా యాసతో, కాస్త గట్టిగానే.

ఆవిడ ఇంకోసారి అమ్మ వంకా ఆయన వంకా చూసి, సరేనని పని కానిచ్చింది. నొప్పి పుట్టింది. అమ్మమ్మ నా నోట్లో బెల్లం ముక్క కుక్కింది. మేనమామ తీపి తేవాలని నేను ముందే చెప్పినందుకు ఒపా కోటు జేబులోంచి జెల్లీ మిఠాయిల పొట్లం తీశాడు. రెండూ కలిపి నముల్తూ ఏడ్చాను.

ఇంటికి నడుస్తుంటే అమ్మమ్మ, దారి మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఒక మాట ఆయనకి చెప్పమంది. ఒడి పట్టిన మేనమామ పిల్లని వదిలి వెళ్ళిపోతే కుట్టిన చిల్లులు పూడిపోతాయట. చెవులు రెండూ పట్టుకుని చెప్పాను. ఒపా నుదురు ముడిచి, అలా ఎన్నాళ్ళు ఉండాలని అడిగాడు. పెళ్ళయ్యేదాకా అంది అమ్మమ్మ, పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తెచ్చేదీ మేనమామేనని చెప్పు అంది. ఎనిమిదేళ్ళ పిల్ల పెళ్ళి మాట విని ఆయన నడిరోడ్డు మీద పగలబడి నవ్వాడు. అమ్మ మాత్రం తలొంచుకుని గబగబా ముందుకు నడిచింది. ఎందుకో నేను అప్పుడు ఆలోచించలేదు.

ఆ పూట నుంచి నాకు రెండు దిగుళ్ళు. ఒపా వెళ్ళిపోతాడు, నా చెవులు పూడిపోతాయి. లేవగానే అద్దం ముందుకి పరిగెత్తి కమ్మలు కదిపి చూసుకునేదాన్ని. బడిలో పాఠం మధ్యలో కూడా చెవి తడుముకునేదాన్ని. అలా తడిమీ తడిమీ ఎడమ చెవి వాచింది. ఒక రోజు బడిలో ఉండగానే చీము పట్టి, కమ్మ కదలడం మానేసింది. పూడిపోతోందనే అనుకున్నాను. బడి వదలగానే ఊపిరాడకుండా పరిగెత్తి, పైకి కూడా పోకుండా కింది వాటా తలుపు తోశాను.

నడవలో సూట్‌కేసు తెరిచి ఉంది. వంటింట్లో గోడ మీద కాగితాలన్నీ ఊడిపోయి బల్ల మీద కుప్పగా ఉన్నాయి. ఒపా కుర్చీలో ఊరికే కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్ మూసి ఉంది.

వెళ్ళిపోతున్నావా అని అడిగాను. ఆయన నన్ను చూసి కూడా చూడనట్టే, కలవలేదు అన్నాడు. ఆ పిల్లాడు ఆ ఇంటి రక్తం కాదు, లేదా మధ్యలో ఇంకెక్కడో తెగింది, ఏదైనా ఒకటే అన్నాడు. చెల్లెలికి మొహం ఎలా చూపించాలో తెలియడం లేదన్నాడు. సూట్‌కేసు పొద్దున ఆశపడి తీశాడట, ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదట. "డెబ్భై ఆరేళ్ళ వాణ్ణి. ఎవరివాణ్ణో తెలియకుండా పోతున్నాను," అన్నాడు. పెద్దవాళ్ళ గొంతు అలా సన్నబడిపోవడం నేను అంతకుముందు వినలేదు. కలవకూడదని రోజూ కోరుకున్నదాన్ని. కోరుకున్నదే జరిగింది. తీరా జరిగాక ఆ మనిషిని అలా చూస్తే సంతోషం ఎక్కడా లేదు.

పైకి వెళ్ళి అమ్మమ్మని పిలుచుకొచ్చాను. ఆవిడ చేతిలో పసుపూ కొబ్బరినూనే కలిపిన గిన్నెతో దిగింది. ముందు నా చెవికి రాసింది. తర్వాత కుర్చీ లాక్కుని ఒపా ఎదురుగా కూర్చుని, నేను చెప్పేది చెప్పినట్టు ఆయనకి చెప్పవే అంది.

ఆ రోజు ఆవిడ చెప్పింది ఆయనతో పాటు నేనూ మొదటిసారి విన్నాను. అమ్మమ్మ బాగా చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ వైపు ఉప్పెన వచ్చింది. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి వెళ్ళిపోయాక, మిగిలిన పిల్లల్ని ఒక బడి అరుగు మీద కూర్చోబెట్టారు. ఒక్కొక్కరి కోసం ఎవరో ఒకరు వెతుక్కుంటూ వచ్చారు. ఆవిడ కోసం ఎవరూ రాలేదు. ఏటి మీద బల్లకట్టు నడిపే ఒకాయన, తన బిడ్డల్లో ఒకరైనా దొరుకుతారేమోనని వెతికి వెతికి, దొరక్క, ఈవిణ్ణి ఎత్తుకుని తన ఇంటికి తీసుకుపోయాడు. మేం ముత్తాత అని ఫోటోకి దండ వేసే మనిషి ఆయనే.

అమ్మమ్మకి పెళ్ళీడు వచ్చింది. పీటల మీద కూర్చోబెట్టారు. పురోహితుడు పెళ్ళికూతురి గోత్రం, మూడు తరాల పేర్లు చెప్పమన్నాడు. అది మన పెళ్ళిళ్ళలో ఎప్పుడూ ఉండేదే. కానీ ఆ పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఉప్పెనలో దొరికిన పిల్లకి ఎవరి తరాలు చెబుతారని మగపెళ్ళివాళ్ళ పెద్ద ఒకాయన పైకే అనేశాడు. పీట మీద కూర్చున్న అమ్మమ్మకి భూమి చీలితే బాగుండుననిపించిందట. అప్పుడు ఆ బల్లకట్టాయన లేచి నిలబడి, తన పేరు, వాళ్ళ నాన్న పేరు, వాళ్ళ తాత పేరు చెప్పాడు. అవతలి ఒడ్డువాళ్ళని కేకేసి కేకేసి అలవాటైన గొంతు. వీధి చివరి దాకా వినపడింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

ఇంగ్లీషులో చెబుతుంటే, ఏటి గట్టు మీద అమ్మమ్మకి చలి ఎందుకో నాకు అర్థమైంది. ఒపా నా చెవి కమ్మ వంక చూసి, ఆ నగలకొట్లో నన్ను అడిగినప్పుడు గుండె ఆగిపోతుందనుకున్నాను, అయినా చెప్పేశాను అన్నాడు.

"ఆ ఓడ దిగిన మహానుభావుణ్ణి కూడా ఎవరో అడిగే ఉంటారు, ఈ పిల్లాడు ఎవరి పిల్లాడని," అంది అమ్మమ్మ. "నా పిల్లాడే అని చెప్పి ఉంటాడు. లేకపోతే ఆ ఇంట్లో ఎట్టా పెరుగుతాడు? ఇన్ని తరాల తర్వాత ఆయన మాట కొట్టెయ్యడానికి నువ్వెవరివి నాయనా?"

నేను అది చెప్పాను. ఒపా రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అమ్మమ్మ లేచి ఆయన భుజం మీద, పసుపు అంటిన చేత్తోనే, రెండుసార్లు తట్టి పైకి వచ్చేసింది. ఆ చొక్కాకి మరక చాలా రోజులు పోలేదు.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి కాగితాలన్నీ మళ్ళీ గోడ మీద ఉన్నాయి. వేలాడే ఎర్ర దారం కొస ఆ పెద్దాయన కాగితానికి కట్టి ఉంది. రెండు ముళ్ళు వేశాడు, ఊడిపోకుండా.

అమ్మమ్మ ఊరికి వెళ్ళిపోయిన తర్వాత, చలి తగ్గాక, ఆయన చెల్లెల్ని చూసి, ఆ పాత సమాధుల ముందు ఒకసారి నిలబడి వస్తానని బయల్దేరాడు. తిరిగి వచ్చే టికెట్ నాకు చూపించాడు. చూపించినా నేను నమ్మలేదు. ఆయన లేనన్నాళ్ళూ రెండు చెవుల మీదా చేతులు పెట్టుకునే నిద్రపోయాను. తిరిగొచ్చిన రోజు గుమ్మంలో సూట్‌కేసు దించి, ఇంకా కోటు కూడా విప్పకుండా, కళ్ళజోడు సరిచేసుకుని వంగి నా చెవులు చూశాడు. రెండూ ఉన్నాయి అన్నాడు.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, అమ్మమ్మ చెప్పింది అబద్ధమని నీకు ఎప్పుడు తెలిసిందని. నడిరోడ్డు మీదే తెలిసిందన్నాడు, మీ అమ్మ నడక చూస్తే తెలియదా అన్నాడు. మరి ఎందుకు ఉండిపోయావంటే, "నన్ను ఆపడానికి అబద్ధం ఆడినవాళ్ళు ఇంకెవరున్నారు?" అన్నాడు.

నా పెళ్ళి దాకా ఆయన ఉండలేదు. నేను లైప్‌జిగ్‌లో చదువుకుంటుండగా ఒక చలికాలం పోయాడు. వాళ్ళావిడ పక్కనే, డెగ్గెన్‌డార్ఫ్ మట్టిలోనే పడుకుంటానని ముందే చెప్పాడట. అంత్యక్రియలు చేయించే ఆఫీసులో అమ్మా నేనూ కూర్చున్నాం. అక్కడి ఆయన, మీరు చనిపోయినాయనకి ఏమవుతారని అడిగాడు. అమ్మ నా వంక చూసింది. నేను లేచి నిలబడ్డాను. "మేనకోడల్ని," అన్నాను. బయట వరండాలో కూర్చున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు, అంత గట్టిగా వచ్చింది.

ఆయన వెళ్ళిపోయాడు. చిల్లులు పూడలేదు. ఇన్నేళ్ళయినా పూడలేదు. అమ్మమ్మది అబద్ధమని నాకు బాగా తెలుసు. అయినా పోయిన నెల ఆసుపత్రిలో ఏదో స్కానింగ్‌కని కమ్మలు తీయమంటే, ఎంతసేపు పడుతుందని నర్సుని పదే పదే అడిగాను. లోపల పడుకున్నంతసేపూ నా రెండు చేతులూ చెవుల మీదే ఉన్నాయట. కదలకండి, చేతులు దించండి అని ఆ అమ్మాయి చెబుతూనే ఉంది. బయటికి రాగానే కళ్ళజోడు కంటే ముందు కమ్మలే అడిగి పెట్టుకున్నాను.